సంగీతం పీరియడ్ తీసేస్తే పిల్లలకి పోయేదేంటి?

మీరు రాసినదాంట్లో మూడు ప్రశ్నలున్నాయండీ. మీ పాప ఆరో తరగతికి వచ్చేసరికి విజయవాడలోని వాళ్ల స్కూల్లో వారానికి ఒకటే ఉన్న సంగీతం పీరియడ్ తీసేసి ఆ టైమ్‌లో ఐఐటీ ఫౌండేషన్ పెట్టారు, "ఇష్టమున్నవాళ్లు బయట నేర్చుకుంటారు" అని ప్రిన్సిపాల్‌గారు అన్నారు, దానికోసం వెళ్లి మాట్లాడటం అవసరమా అని అడిగారు. సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని మీ బావగారు అంటున్నారు, అది నిజమేనా అన్నారు. ఎనిమిదో తరగతి చదివే మీ అబ్బాయి మాత్రం "నాకు పాట రాదు, ఆ క్లాసు వేస్ట్" అంటున్నాడని, అలాంటి పిల్లలకి దానివల్ల ఒరిగేదేముందని కూడా అడిగారు.

నేను విజయవాడలోనూ గుంటూరులోనూ స్కూళ్లలో సంగీతం చెప్పి రిటైరయిన టీచర్ని. ఇంటి దగ్గర ప్రైవేటుగా కూడా చెప్పాను కాబట్టి రెండింటికీ ఎంత తేడా ఉందో తెలుసు. ముందు మీ బావగారి మాట తేల్చేద్దాం. స్కూల్లో ఆ పాయింట్ పట్టుకుని వాదించారంటే మీరే ఓడిపోతారు.

ఈ నమ్మకం చాలావరకు 1993లో అమెరికాలో మొదలైంది. కాలేజీ విద్యార్థులకి పది నిమిషాలు మొజార్ట్ సంగీతం వినిపించి, వెంటనే కాగితం మడతలనీ ఆకారాలనీ ఊహించే రకం పరీక్ష పెడితే కాస్త మెరుగ్గా చేశారని 'నేచర్' పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. ఆ మెరుగు పది పదిహేను నిమిషాలకి మించి నిలవలేదని అందులోనే ఉంది. చిన్నపిల్లల ఊసే లేదు, పాడటం నేర్చుకోవడం గురించీ లేదు. అయినా 1998లో అక్కడి జార్జియా రాష్ట్ర గవర్నర్, పుట్టిన ప్రతి బిడ్డకీ ఒక సంగీతం సీడీ ఇద్దామని ప్రతిపాదించేదాకా వెళ్లింది వ్యవహారం. మన దగ్గర కూడా "బేబీ బ్రెయిన్" పేరుతో ఏవేవో అమ్మారు.

తర్వాత పద్ధతిగా చూసినవాళ్లూ ఉన్నారు. 2004లో కెనడాలో షెలెన్‌బర్గ్ అనే మానసిక శాస్త్రవేత్త ఆరేళ్ల పిల్లలు 144 మందిని తీసుకుని కొందరికి కీబోర్డు, కొందరికి పాట, కొందరికి నాటకం నేర్పించి, మిగిలినవాళ్లని ఊరికే వదిలేశాడు. ఏడాది తర్వాత చూస్తే సంగీతం నేర్చుకున్నవాళ్ల ఐక్యూ మిగతావాళ్లకంటే సగటున ఓ మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది. నాటకం నేర్చుకున్న పిల్లలు నలుగురితో మసలుకోవడంలో ముందుకెళ్లారు. ఇలాంటి అధ్యయనాలు యాభైకి పైగా కలిపి 2020లో ఇద్దరు పరిశోధకులు మళ్లీ లెక్క తీస్తే, ప్రయోగం ఎంత కట్టుదిట్టంగా జరిగితే ఆ లాభం అంత సున్నాకి దగ్గరగా కనిపించింది. కాబట్టి సంగీతం నేర్పితే లెక్కలొస్తాయని ఎవరికీ హామీ ఇవ్వలేం.

ఒకవేళ నిజమే అనుకున్నా, ప్రిన్సిపాల్‌గారు ఏమంటారు? "లెక్కల కోసమే అయితే లెక్కలే ఇంకో పీరియడ్ చెప్పిస్తాం కదండీ, మధ్యలో సరిగమలెందుకు?" అంటారు. ఆ మాటకి మీ దగ్గర జవాబు ఉండదు, నా దగ్గరా ఉండదు. వేరే సబ్జెక్టుకి నౌకరుగా పెడితే సంగీతం ఎప్పుడూ నిలబడదు. తెలుగు ఎందుకు చెప్తున్నారంటే సైన్సు బాగా రావడానికి అని ఎవరూ అనరు కదా.

మరి దేనికి? నా మటుకు నాకు, స్కూల్లో సంగీతం ఉండాల్సింది ప్రతి పిల్లా పిల్లాడూ తన గొంతు తను వినగలగడానికి, పదిమందితో కలిసి ఒకే కాలంలో ఒక పని చేయగలగడానికి. గాయకుల్ని తయారుచేయడం స్కూలు పని కాదు. ఆ పని చేయడానికి గురువులున్నారు, సంగీత కళాశాలలున్నాయి.

వినడం, కలవడం అని పైపైన చెప్తే గాల్లో మాటల్లా ఉంటాయి. క్లాసులో అవి ఎలా కనిపిస్తాయో చెప్తాను.

ప్రార్థన దగ్గర నుంచే మొదలుపెడదాం. ఏ స్కూల్లోనైనా ఉదయం అసెంబ్లీ చివర జనగణమన వినండి. మైకు దగ్గర నిలబడ్డ అమ్మాయి టెన్షన్‌లో ఎక్కడో పైశ్రుతిలో, అంటే మరీ హెచ్చు స్వరంలో, ఎత్తుకుంటుంది. ఆ పాట ఆధార షడ్జం (కింది స) దగ్గర మొదలై, చివర "జయ హే" దగ్గర పైషడ్జం (పై స) అందుకుంటుంది. మొదలే పైన పెట్టేశాక ఇంకా పైకి ఎక్కడికి పోతారు? సగంమంది గొంతు చీలుతుంది, మగపిల్లలు నోరు మూసుకుంటారు, మిగిలినవాళ్లు అరుస్తారు. పన్నెండేళ్లపాటు రోజూ పాడినా పిల్లలకి ఆ పాట హాయిగా ఎలా ఉంటుందో తెలియకుండానే స్కూలు అయిపోతుంది. శ్రుతి పెట్టె గానీ ఫోన్లో ఉచితంగా దొరికే తంబురా యాప్ గానీ పెట్టి, రెండు మెట్లు కిందికి దింపి, "ముందు విను, తర్వాత పాడు" అని ఒక్క వారం చెప్పి చూడండి. ఆ అసెంబ్లీయే మారిపోతుంది. అన్నట్టు ఆ బాణీకి స్వరాలు కాగితం మీద పెట్టింది మన తెలుగునేల మీదే. 1919లో ఠాగూర్ మదనపల్లె కాలేజీలో బస చేసినప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పని చేశారు. ఒక కాలేజీలో పిల్లలు కలిసి పాడుకోవడానికి పనికొచ్చిన స్వరాలవి.

తాళం సంగతి ఇంకా బాగుంటుంది. ఆదితాళం అంటే ఎనిమిది అక్షరాలు: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు, ఆపైన ఒక దెబ్బ వేసి అరచెయ్యి తిప్పడం, రెండుసార్లు. ఇది ఆరో తరగతి పిల్లలు ఒకటి రెండు క్లాసుల్లో పట్టేస్తారు. ఇప్పుడు మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళి వరస, అంటే స నుంచి పై స దాకా ఎక్కి దిగే తొలిపాఠం. మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, దెబ్బకి ఒక స్వరం. ఆరోహణకి ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు), అవరోహణకి ఇంకొకటి. అందరూ హాయిగా పాడేస్తారు. రెండో కాలంలో దెబ్బకి రెండు స్వరాలు, అంటే పైకి వెళ్లడం, కిందికి రావడం రెండూ ఒకే ఆవర్తంలో అయిపోవాలి. అసలు తమాషా అప్పుడే. నోరు వేగం పెంచగానే చెయ్యి కూడా పరిగెడుతుంది. నలభైమందిలో ముప్ఫైమంది చేతులు నోటితోపాటే ఉరుకుతాయి. "చెయ్యి మారకూడదు నాన్నా, నోరే మారాలి" అని చెప్పి మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే. క్లాసంతా నవ్వులు. రెండు మూడు వారాలకి, ఎవరో ఒక పిల్లకి చెయ్యి నిలకడగా ఉండి నోరు రెట్టింపు వేగంలో నడవడం మొదలవుతుంది. పక్కపిల్ల ఆమె చేతిని చూసి సర్దుకుంటుంది. అక్కణ్నుంచి వరస వరసా అందుకుంటారు. మూడో కాలంలో దెబ్బకి నాలుగు. అక్కడికి అందరూ చేరకపోయినా ఫరవాలేదు.

ఇందులో సగం, పావు అన్న భిన్నాలు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. కానీ నేను చూపించాలనుకున్నది అది కాదు. ఒక పిల్ల తన వేగాన్ని తను అదుపులో పెట్టుకుని, పక్కవాళ్లని వింటూ, అందరితో కలిసి ఒకే దెబ్బ మీద ఆగింది. ఇది పుస్తకంలో చదివితే రాదు. మన ఊళ్లో చదువుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. శనివారం వీకెండ్ టెస్టు, సోమవారం గోడ మీద ర్యాంకులు, సెక్షన్లు మార్చడాలు. ఆరో తరగతి పిల్లకి కూడా తన స్థానం నంబర్లలో తెలుసు. తాళం వేసేటప్పుడు మాత్రం మొదటి ర్యాంకూ చివరి ర్యాంకూ కలిసి ఒకే దెబ్బ మీద ఆగాల్సిందే. ఒకరు ముందు ముగిస్తే గెలిచినట్టు కాదు, పాట చెడినట్టు. పక్కవాణ్ని దాటడానికి కాకుండా పక్కవాడితో కలవడానికి తెలివి వాడే పీరియడ్ ఆ టైమ్‌టేబుల్లో ఇంకొకటి ఉంటే చెప్పండి. ఆటల పీరియడ్ ఉండేది, అది చాలాచోట్ల ఇప్పటికే పోయింది.

ఇక్కడ తెలుగు టీచర్లకి కూడా ఒక మాట. తొమ్మిది, పది తరగతుల్లో గణవిభజన అంటే పిల్లలు హడలిపోతారు. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ అని బట్టీ పట్టి, పద్యం ఇస్తే గురువుకీ లఘువుకీ తేడా తెలియక తలపట్టుకుంటారు. గురువుకి "తా", లఘువుకి "త" పెట్టి చేత్తో తాళం వేస్తూ చెప్పించండి: తా త త, తా త తా, త త త, తా త త, తా త త, తా త తా, త తా. ఇరవై అక్షరాలు. నాలుగుసార్లు అనేసరికి ఆ నడక చెవిలో పడిపోతుంది. తర్వాత ఆ నడకలో ఏ పద్యమిచ్చినా, ముందు చెవి "ఇది ఉత్పలమాల" అంటుంది, ఆ తర్వాతే చెయ్యి గణాలు గుర్తిస్తుంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పద్యనాటకాలు చూసి పెరిగిన పాతతరం వాళ్లకి ఛందస్సు పేర్లు తెలియకపోయినా పద్యం తప్పు చదివితే వెంటనే పట్టేసేవాళ్లంటే కారణం ఇదే. పద్యం మనకి మొదటినుంచీ వినే వస్తువే, అచ్చుపుస్తకం తర్వాత వచ్చింది. ఇది మార్కుల కోసం చెప్పడం లేదు గానీ, మార్కులూ వస్తాయి. ఈ ముక్క మాత్రం స్కూలువాళ్ల దగ్గర నిరభ్యంతరంగా వాడుకోండి.

"ఇష్టమున్నవాళ్లు బయట నేర్చుకుంటారు" అన్న ప్రిన్సిపాల్‌గారి మాట దగ్గరికి వస్తాను. నాకు బాగా కోపం వచ్చే మాట ఇదే.

బయట నేర్చుకోవడం ఎవరికి కుదురుతుంది? ఇంట్లో ఇప్పటికే పాట ఉన్నవాళ్లకి, ఫీజు కట్టగలిగినవాళ్లకి, సాయంత్రం పిల్లని తీసుకెళ్లి తీసుకురావడానికి ఎవరో ఒకరు ఖాళీగా ఉన్నవాళ్లకి. విజయవాడ సత్యనారాయణపురంలో పుట్టిన పిల్లకి పక్కవీధిలో టీచరుగారుంటారు. సింగ్‌నగర్‌లో ఆటో నడిపే ఆయన కూతురికి ఎవరుంటారు? ఆ పిల్లకి శ్రుతి అంటే ఏంటో చెప్పే చోటు స్కూలొక్కటే. దాన్ని తీసేస్తే సంగీతం ఎక్కడికీ పోదు, ఉన్నవాళ్ల ఇళ్లలో క్షేమంగానే ఉంటుంది. మిగతావాళ్లకి మాత్రం అది "మనకి సంబంధం లేనిది" అయిపోతుంది.

అసలు ఇది ఎవరో కొందరి సొత్తు ఎప్పుడూ కాదు ఈ ప్రాంతంలో. చిలకలూరిపేట నాదస్వర సంప్రదాయంలో తయారై శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు తెచ్చుకున్న షేక్ చినమౌలానాగారు మనవారు. బుర్రకథని ఊరూరా తిప్పి పద్మశ్రీ అందుకున్న నాజర్‌గారిది గుంటూరు దగ్గర పొన్నెకల్లు. పదాలు రాసిన క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ. గుంటూరు వెళ్తూ కాజ టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పనిచేయక విసుక్కునే ఎంతమందికి, తరంగాలు రచించిన నారాయణతీర్థులవారు ఆ కాజవారేనని చెప్పుకుంటారని తెలుసు? ఇక విజయవాడ. త్యాగరాజస్వామి శిష్య పరంపరకి చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు ఇక్కడే ఎందరినో తయారుచేశారు. వారి శిష్యుడు బాలమురళీకృష్ణగారు చిన్నపిల్లాడిగా ఈ ఊళ్లోనే తొలి కచేరీ చేసి, పెద్దయ్యాక ఇదే ఊళ్లోని ప్రభుత్వ సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. ఇప్పుడు ఘంటసాలగారి పేరు మీదున్న కళాశాల అదే. ఈ పేర్లు జీకే బిట్లలా బట్టీ పట్టించమని చెప్పడం లేదు. ఒక్కొక్కరివి రెండు నిమిషాలు వినిపిస్తే చాలు. ఆరో తరగతి పిల్లలు బుర్రకథ వింటే ఎలా ఊగిపోతారో ఎప్పుడైనా చూడండి.

ఒకప్పుడు ఈ పని కొంత రేడియో చేసేది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక, పొద్దున్నే భక్తిరంజని ప్రతి ఇంటి కిటికీలోంచీ వినబడేది. నేర్చుకున్నా నేర్చుకోకపోయినా చెవిలో పడేది. ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే నలుగురి చెవుల్లో నాలుగు ఇయర్‌ఫోన్లు. పిల్లలు మాకంటే ఎక్కువ సంగీతమే వింటున్నారు, కాదనను. కానీ ఎవరికి వాళ్లే వింటున్నారు. కలిసి వినడం, కలిసి పాడటం అనేది ఇంట్లోంచి వెళ్లిపోయింది కాబట్టే ఇప్పుడు స్కూల్లో దాని అవసరం పెరిగింది.

ఇంతా చెప్పాక, ఒక చేదు మాట కూడా చెప్పాలి. మీ స్కూల్లో తీసేసిన సంగీతం పీరియడ్ ఎలాంటిదో ముందు కనుక్కోండి. చాలా స్కూళ్లలో సంగీతం టీచరంటే యాన్యువల్ డే టీచరు. దసరా సెలవులైన దగ్గర్నుంచీ రిహార్సల్స్. మొత్తం స్కూల్లో ఇరవైమందిని ఏరుకుంటారు, వాళ్లలో పది మంది ఏటా వాళ్లే. మిగతా పిల్లలు ఆ పీరియడ్‌లో హోంవర్కు రాసుకుంటారు. తీరా ఆ రోజు పెన్‌డ్రైవ్‌లోంచి పాట మోగుతుంది, పిల్లలు మైకుల ముందు పెదాలు కదుపుతారు, తల్లిదండ్రులు వీడియోలు తీసుకుంటారు. స్కూలు సంగీతానికి ఫౌండేషన్ క్లాసులకంటే పెద్ద శత్రువు ఈ యాన్యువల్ డేయే అని నా అభిప్రాయం. అలాంటి పీరియడ్ పోతే పోయిందేమీ లేదు. దాన్నే మళ్లీ పెట్టించడానికి మీరు శ్రమపడక్కర్లేదు.

కీబోర్డు క్లాసులు ఇంకో రకం. మీటల మీద స, రి, గ అని స్టిక్కర్లు అంటించి, ఏ నంబరు తర్వాత ఏ నంబరు నొక్కాలో చెప్తారు. నెలరోజుల్లో పిల్ల ఒక సినిమా పాట వాయించేస్తుంది, అమ్మానాన్నలకి సంతోషం. స్టిక్కర్లు పీకేస్తే ఏమీ రాదు. వేలు నేర్చుకుంది గానీ చెవి నేర్చుకోలేదు. పైగా మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం, ఆ మీటల మీద పలకదు. కీబోర్డు వద్దని కాదు, గొంతుతో మొదలుపెట్టాక దాని దగ్గరికి రావచ్చు. గొంతుకి కొనాల్సిన పనిలేదు, కరెంటు అక్కర్లేదు.

అటువైపు సంప్రదాయం పేరుతో జరిగే తప్పు కూడా ఉంది. సరళి, జంట, అలంకారాలు, గీతాలు అని కర్ణాటక సంగీతం తొలిపాఠాలకి పురందరదాసు వేసిన బాట గొప్పదే. కానీ అది గురువు ముందు రోజూ కూర్చునే శిష్యుడి కోసం. వారానికి నలభై నిమిషాలు, నలభైమంది పిల్లలు ఉన్నచోట అదే వరసలో వెళ్తే ఏడాది చివరికి కూడా జంటస్వరాలు దాటరు. పిల్లలకి సంగీతమంటే స రి గ మ అని అరవడమే అన్న అభిప్రాయం మిగులుతుంది. నేనైతే నాలుగైదు సరళి వరసలతో శ్రుతి, తాళం పట్టించి, పక్కనే ఒక జానపదం, ఒక పద్యం, ఒక లలితగీతం, వీలైతే మలహరి రాగంలో ఒక గీతం నడిపించేదాన్ని. వాటితోపాటు ప్రతి క్లాసులో ఐదు నిమిషాలు ఊరికే వినడం. కళ్లు మూసుకుని డోలు ఎప్పుడు ఆగిందో చెయ్యెత్తమంటే, అల్లరి క్లాసు కూడా గప్‌చుప్‌గా అయిపోతుంది. పరీక్ష మాత్రం పెట్టకండి. "త్యాగరాజు ఎక్కడ జన్మించెను?" అని ప్రశ్నపత్రం వచ్చిందంటే ఆ పీరియడ్ కూడా మిగతావాటిలో కలిసిపోయినట్టే.

సరే, స్కూలుకి వెళ్లి ఏం మాట్లాడాలి? ప్రిన్సిపాల్‌గారిని దోషిలా నిలబెట్టకండి. ఫౌండేషన్ కావాలని ఒత్తిడి చేసేది మనమే, తల్లిదండ్రులమే. పేరెంట్ మీటింగులో పది మంది దాని గురించి అడుగుతారు, సంగీతం గురించి ఒక్కరూ అడగరు. ఆయన లెక్క ఆయనది. మీలాంటివాళ్లు ఇంకో ఐదారుగురిని కలుపుకుని వెళ్లండి. "ఫౌండేషన్ తీసేయండి" అని వెళ్తే తలుపు అక్కడే మూసుకుంటుంది. వారానికి ఒక్క పీరియడ్, ఎంపిక చేసిన పిల్లలకి కాకుండా మొత్తం క్లాసుకి, అని మాత్రమే అడగండి.

చట్టాలూ విధానాలూ మీ వైపే ఉన్నాయి, కాస్త మర్యాదగా గుర్తుచేయవచ్చు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి వరకూ కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళలకి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని ఉంది. 2020 జాతీయ విద్యావిధానం అయితే కరిక్యులర్, ఎక్స్‌ట్రా కరిక్యులర్ అన్న గట్టి విభజనే వద్దంది. వీటివల్ల రేపటికల్లా టీచరు వచ్చేస్తారని కాదు. కానీ "సిలబస్‌లో లేదండీ" అన్న మాట అనడానికి వాళ్లకి వీలుండదు.

తీరా కూర్చుని మాట్లాడితే అసలు ఇబ్బందులు చిన్నవే బయటపడతాయి. పక్క క్లాసుకి గోల అవుతుందని గణితం సారు ఫిర్యాదు చేసి ఉంటారు. దానికి మూలగది గానీ, ఆటల పీరియడ్‌కి ఆనుకున్న టైమ్ గానీ అడగండి. భోజనం కాగానే వచ్చే పీరియడ్ మాత్రం వద్దనండి, నిండు కడుపుతో పిల్లలు పాడలేరు, నిద్రపోతారు. టీచరుకి జీతం సమస్య అంటే, రెండు మూడు బ్రాంచీలకి కలిపి ఒకరిని పెట్టుకోవచ్చు. చాలా సంస్థలకి ఊళ్లో అన్నన్ని బ్రాంచీలున్నాయి కదా. సంగీత కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా చేసి పార్ట్‌టైమ్ పని దొరక్క తిరుగుతున్న పిల్లలు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. అదీ కుదరదంటే కనీసం అసెంబ్లీలో పది నిమిషాలు శ్రుతి పెట్టి పాడించమనండి. నెలకొక పాట. ఆ తర్వాత ఎప్పుడు స్కూలుకి వెళ్లినా ఒక్కటే అడగండి: "ఈ నెల క్లాసు మొత్తం కలిసి పాడగలిగే పాట ఏది?" అది చెప్పగలిగితే క్లాసు జరుగుతున్నట్టు. యాన్యువల్ డే ఫొటోలు చూపిస్తే జరగనట్టు.

పీరియడ్ తిరిగొచ్చినా రాకపోయినా పాపని బయట చేర్పించాలనుకుంటే, మీకు వీలుంటే తప్పకుండా చేర్పించండి. నేను పైన చెప్పిందానికి అదేమీ విరుద్ధం కాదు. కాకపోతే ముందు ఒక క్లాసు బయట కూర్చుని వినండి. టీచరుగారు పిల్లల్ని శ్రుతిలో నిలబెట్టాకే ముందుకు వెళ్తున్నారా, లేక పాట తర్వాత పాట ఎక్కించేస్తున్నారా అన్నది మీకు సంగీతం రాకపోయినా తెలిసిపోతుంది. మొదటి ఏడాదే స్టేజీ ఎక్కిస్తామని చెప్పే చోటికి వెళ్లకండి.

ఇక మీ అబ్బాయి. ఎనిమిదో తరగతి అన్నారు కాబట్టి పదమూడేళ్లుంటాయి. "పాట రాదు" అన్న మాట వాడిది కాకపోవచ్చు, ఎవరో అని ఉంటారు. "నువ్వు ఊరికే పెదాలు కదుపు చాలు" అని ఏదో ఒక రిహార్సల్‌లో విన్న పిల్లలు చాలామంది నా దగ్గరికి వచ్చారు. నిజంగా స్వరాల తేడా బొత్తిగా పట్టలేని చెవి చాలా అరుదు. నేను చూసినంతలో ఎక్కువమందికి వచ్చిన చిక్కల్లా శ్రుతి. ఆడపిల్లలకి కుదిరే ఐదు శ్రుతిలో (బాగా పైన ఉండే శ్రుతిలో) పాడమంటే, గొంతు మారుతున్న మగపిల్లాడికి అది అందదు. ఆ వయసులో గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది, దిగేలోపు ఎక్కడ నిలబడుతుందో వాడికే తెలియదు. పాడబోతే కీచుమంటుంది, పక్కవాళ్లు నవ్వుతారు, ఇంకేముంది, "నాకు రాదు" అని తేల్చేసుకుంటాడు.

ఇలా చేసి చూడండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పాట ఊసెత్తకుండా, నోరు మూసుకుని "మ్..." అని వాడికి హాయిగా ఉన్నచోట ఒక్క స్వరం నిలపమనండి. తంబురా యాప్‌లో శ్రుతిని అటూ ఇటూ జరుపుతూ మీరే వాడి స్వరం దగ్గరికి వెళ్లండి, వాణ్ని మీ శ్రుతికి రమ్మనకండి. కింది శ్రుతులైన ఒకటి, ఒకటిన్నర దగ్గరో, ఇంకా కిందో ఎక్కడో కలుస్తుంది. కలిసినప్పుడు వాడికే తెలుస్తుంది, రెండు శబ్దాలు ఒకటైపోయి చెవిలో ఒక నిండుదనం వస్తుంది. అక్కణ్నుంచి స రి స, స రి గ రి స, అంతవరకే. రోజూ ఐదు నిమిషాలు చాలు. పైస్థాయి జోలికి గొంతు కుదురుకునేదాకా వెళ్లొద్దు, గట్టిగా అరవొద్దు. కొన్ని నెలలు పట్టవచ్చు. ఈలోపు పాడటం ఇష్టం లేదంటే తాళం వేయించండి, డోలక్ గానీ కంజీర గానీ కొనిపెట్టండి. వీడియో మాత్రం తీయకండి, బంధువుల ముందు పాడమని అసలే అడగకండి. శ్రుతి ఎక్కడ కలిసిందో ఇక్కడే రాయండి, వాడి గొంతుకి సరిపడే పాటలు నాలుగు చెప్తాను.